మలెనాడు దారుల్లో తేజస్వి కోసం

కర్నూలు పక్కన పారే తుంగభద్రలోని నీరు చాలావరకు పడమటి కనుమల్లో, కన్నడిగులు మలెనాడు అని పిలుచుకునే కొండసీమలో, కురిసిన వాన. ఆ కొండసీమలోనే కాఫీ తోట వేసుకుని, దాదాపు నాలుగు దశాబ్దాలు అక్కడే బతికి, అక్కడి చెట్టును, పురుగును, మనిషిని కథావస్తువులుగా చేసుకున్న కన్నడ నవలాకారుడు కె.పి. పూర్ణచంద్ర తేజస్వి (1938–2007). సరిహద్దు జిల్లాలో పెరిగినందువల్ల కన్నడ లిపి నాకు చిన్నప్పుడే అలవాటయింది. తేజస్విని మూలంలోనే చదువుకోగలగడం ఆ అలవాటు చేసిన మేలు. ఆయన నవలల్లో అడవి గురించి ఉపన్యాసాలు ఉండవు. అడవి అందాన్ని పొగిడే వర్ణనలు కూడా తక్కువే. అయినా పుస్తకం మూసేసరికి ఆ అడవి పోకూడదన్న పట్టుదల పాఠకుడిలో గట్టిపడుతుంది. ఆ పట్టుదలను పుట్టించే శక్తి ఆయన రచనకు ఎక్కడి నుంచి వచ్చిందో ఆ నేల మీద తిరిగి తెలుసుకోవాలన్న కోరికతో, అరబికా కాఫీ పండ్లు ఎరుపెక్కే నవంబరులో బయలుదేరాను.

మొదటి రోజు: మూడిగెరె

రాత్రి రైలులో బెంగళూరు చేరి, అక్కడి నుంచి హాసన, బేలూరుల మీదుగా మూడిగెరె బస్సు ఎక్కాను. బేలూరు దాటేవరకు రాగి చేలు, కొబ్బరి తోటలు, చెరువులు కనిపిస్తాయి. ఆ తరువాత కొద్దిసేపటికే రోడ్డు మలుపులు తిరగడం మొదలుపెడుతుంది. ఇరుపక్కలా నీడచెట్ల కింద కాఫీ మొక్కలు, చెట్ల బోదెలకు చుట్టుకున్న మిరియాల తీగలు కనిపిస్తాయి. బయటి నుంచి చూసినవారికి ఇదంతా అడవిలాగే ఉంటుంది. తోట ఎక్కడ ముగిసి అడవి ఎక్కడ మొదలైందో చెప్పడం కొత్తవారికి కష్టమే. తేజస్వి కథలన్నీ సరిగ్గా ఆ సందిగ్ధ ప్రదేశంలోనే నడుస్తాయి.

మూడిగెరె చిన్న ఊరు. ప్రధాన వీధిలో కాఫీ, మిరియాలు, యాలకులు కొనే దుకాణాలు, తోటపనికి కావలసిన కత్తులు, మోటారు పంపులు, ఎరువులు అమ్మే కొట్లు వరుసగా ఉన్నాయి. 1980లో వచ్చిన ‘కర్వాలో’ నవల ఈ ఊరి తేనె సహకార సంఘం దగ్గరే మొదలవుతుంది. కథకుడు అక్కడికి తేనె కోసం వెళ్తాడు. ఆ తేనె తీగ పట్టుకుని తేనెటీగలు పెంచే మందన్న దగ్గరికి, మందన్న వెంట కర్వాలో అనే శాస్త్రవేత్త దగ్గరికి, చివరికి ఆ ఇద్దరితో కలిసి దట్టమైన అడవిలోకి చేరుకుంటాడు. అడవికి వెళ్ళే దారి ఒక అంగడి మెట్ల మీదుగా పోవడం నాకు ఎప్పుడూ ఎంతో అర్థవంతంగా అనిపించేది. ఈ వీధిలో నిలబడి చూసినప్పుడు ఆయన దాన్ని ఎక్కడి నుంచో తెచ్చి అమర్చలేదని స్పష్టమైంది. ఇక్కడి మనిషికి అడవి అంటే ముందు తేనె, వంటచెరకు, యాలకులు, చేపలు. అందం ఆ తరువాతి సంగతి.

తేజస్వి మైసూరులో కన్నడ సాహిత్యంలో ఎం.ఏ. చేసి కూడా ఉద్యోగం వైపు చూడకుండా 1960లలో ఈ ప్రాంతానికి వచ్చి సాగులో దిగారు. మొదట భూతనకాడు దగ్గర ‘చిత్రకూట’ అనే తోట, తరువాత మూడిగెరె పక్కనే ‘నిరుత్తర’. 2007 ఏప్రిల్ 5న ఆయన కన్నుమూసింది ఆ ఇంట్లోనే. అది ప్రైవేటు ఆస్తి కనుక దారి మీద నుంచే చూసి వెనుదిరిగాను.

సాయంత్రం నేను బస చేసిన ఇంటి పెద్దాయన తన తోటంతా తిప్పి చూపించారు. మూడు తరాలుగా కాఫీ పండిస్తున్న కుటుంబం వారిది. ఒకప్పుడు తోటలో నీడ కోసం పనస, నేరేడు, మర్రి జాతి చెట్లను అడవి నుంచి వచ్చినవి వచ్చినట్టే ఉంచేవారని, ఇప్పుడు చాలామంది వాటిని తీసేసి సిల్వర్ ఓక్ నాటుతున్నారని చెప్పారు. సిల్వర్ ఓక్ నిటారుగా, తొందరగా పెరుగుతుంది. మిరియాల తీగ దానికి చక్కగా అల్లుకుంటుంది. కలప అమ్ముకోవడం కూడా తేలిక. అయితే పక్షికి పండు గాని, గబ్బిలానికి ఆశ్రయం గాని పనసా మర్రీ ఇచ్చినట్టు అది ఇవ్వదు. దట్టమైన నీడ కోరే అరబికాను వదిలి, ఎక్కువ ఎండను తట్టుకునే రోబస్టాకు మారినవారు నీడచెట్లను మరింత పలచబరిచారు. ఆయన మాటల్లో నింద లేదు. కాఫీ ధర పడిపోయిన ఏడాది రైతు ఏ చెట్టును ముందు కొడతాడో ఆయనకు తెలుసు. తేజస్వి కూడా రైతు గనుక ఇదే లెక్క తెలిసినవాడు. అడవిని నరికే మనిషిని ఆయన ఎక్కడా రాక్షసుడిగా చిత్రించకపోవడానికి మూలం ఇక్కడే ఉందని ఆ సాయంత్రం నాకు బోధపడింది.

రెండో రోజు: కొట్టిగెహార, చార్మాడి

మూడిగెరె నుంచి పడమరగా వెళ్తే కొట్టిగెహార వస్తుంది. మంగళూరు వైపు దిగే వాహనాలన్నీ నీరు దోసెల కోసం ఇక్కడ ఆగుతాయి. ఇక్కడే తేజస్వి పేరిట ఏర్పడిన ప్రతిష్ఠానం ఉంది. ఆయన తీసిన పక్షుల ఛాయాచిత్రాల ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. ఒక పిట్ట గూటికి ఆహారం తెచ్చే క్షణం కోసం ఆకుల మరుగున గంటల తరబడి కదలకుండా కూర్చున్న మనిషికే అలాంటి చిత్రం దొరుకుతుంది. ఆయన వాక్యంలోనూ ఆ ఓపికే కనిపిస్తుంది: చూసినదాన్ని చూసినట్టు చెప్పడం, అర్థం అంటగట్టడానికి తొందరపడకపోవడం. 1973లో వచ్చిన తన కథల సంపుటి ముందుమాటలో ఆయన అప్పటి నవ్య (ఆధునికతావాద) సాహిత్య ధోరణికి దూరంగా జరిగి, సోషలిస్టు నాయకుడు రామమనోహర్ లోహియా తత్వచింతన, కన్నడ రచయిత శివరామ కారంత్ జీవిత ప్రయోగశీలత, తన తండ్రి కువెంపు కళాదృష్టి మాత్రమే తనకు దారి చూపుతాయని ప్రకటించారు. ముగ్గురూ మనిషిని గది నుంచి బయటికి పంపేవారే. నవ్యుల కథానాయకుడు తన లోపలి శూన్యాన్ని తవ్వుకుంటూ ఉంటే, తేజస్వి కథకుడు చెప్పులు వేసుకుని కుక్కను వెంటబెట్టుకుని తోటలోకి నడుస్తాడు.

మధ్యాహ్నానికి ముందు ఒక వక్కతోటలో పనిచేసే యువకుడు నన్ను ఎగిరే తొండ చూపిస్తానని తీసుకువెళ్ళాడు. ‘కర్వాలో’ నవల మొత్తం ఈ జీవి కోసం సాగే అన్వేషణే కనుక నా ఉత్సాహం ఎంతటిదో చెప్పనక్కర్లేదు. అతడు ఒక వక్కచెట్టు ముందు ఆగి వేలు చూపాడు. బోదె మీద బెరడు తప్ప నాకేమీ కనబడలేదు. అతడు విసుగు లేకుండా, ఫలానా మచ్చకు జానెడు పైన చూడమన్నాడు. అక్కడ ఒక పసుపుపచ్చని చీలిక లాంటిది ఒక్క క్షణం బయటికి వచ్చి లోపలికి పోయింది. అది మగ తొండ గొంతు కింద ఉండే తిత్తి అని అతడు వివరించాడు. ఆ తరువాతే బెరడు మీది గీతలు తలగా, కాళ్ళుగా, తోకగా విడివడ్డాయి. కాసేపటికి అది పక్కటెముకల ఊతంతో నడుముకు ఇరువైపులా చర్మాన్ని విప్పుకుని, పక్క వరుసలోని చెట్టు మీదికి వాలుగా తేలివెళ్ళి, అతుక్కుని, మళ్ళీ బెరడైపోయింది. ఈ జాతి పడమటి కనుమల అడవుల్లోనూ, వాటిని ఆనుకున్న వక్కతోటల్లోనూ ఉంటుంది. ప్రధానంగా చీమలే దీని ఆహారం. ఆడది గుడ్లు పెట్టడానికి నేల మీదికి దిగుతుంది. ఇవన్నీ పుస్తకాల్లో చదివినవే. ఏ వరుసలో ఏది తిరుగుతుందో, ఎండ ఎక్కే వేళకు ఎంత ఎత్తుకు చేరుతుందో మాత్రం పుస్తకంలో లేదు, అతడి దగ్గర ఉంది.

నవలలో మందన్నను ఊరు పనికిమాలినవాడిగా చూస్తుంది. కథకుడు సైతం మొదట అలాగే చూస్తాడు. శాస్త్రవేత్త కర్వాలో ఒక్కడే అతడిలో పుట్టుకతో వచ్చిన ప్రకృతి పరిశీలకుణ్ణి గుర్తించి, తనకు సాటివాడిగా గౌరవిస్తాడు. ఆ గౌరవమే తేజస్వి పరిరక్షణ భావనకు కేంద్రమని నా నమ్మకం. అడవిని కాపాడేది కంచెలూ చట్టాలూ మాత్రమే అనుకుంటే మందన్నలు ఆక్రమణదారులుగా మిగులుతారు. అడవిని తెలిసినవాడి తెలివికి విలువ కడితే ఆ తెలివి నిలిచి ఉండే చోటును కూడా నిలబెట్టవలసి వస్తుంది. నల్లమలలో తేనె తీసే చెంచువారి గురించి ఇలాగే ఆలోచించవలసిన అవసరం మనకు ఎంతో ఉంది. నవల చివర ఆ ఎగిరే తొండ అందరి కళ్ళ ముందే చేతికి చిక్కకుండా లోయలోకి తేలిపోతుంది. వెతికినవారికి దక్కింది చూపు మాత్రమే, సొత్తు కాదు.

మధ్యాహ్నం చార్మాడి ఘాట్ దాకా వెళ్ళివచ్చాను. 2019 ఆగస్టు వానలకు ఇక్కడ కొండచరియలు విరిగిపడి ఈ జాతీయ రహదారి నెలల తరబడి మూతపడింది. మూడిగెరె తాలూకాలో కాఫీ తోటలు, ఇళ్ళు మట్టిలో కలిసిపోయాయి. కొన్ని మలుపుల దగ్గర ఆ గాయాలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

మూడో రోజు: కళస, కుద్రేముఖ

కొట్టిగెహార నుంచి కళస వెళ్ళే బస్సు తోటల మధ్య నుంచి మెల్లగా ఎక్కుతూ దిగుతూ పోయింది. దారి పొడవునా నేను ‘చిదంబర రహస్య’ గురించే ఆలోచించాను. 1985లో వచ్చిన ఈ నవలకు 1987లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఊహాత్మకమైన కెసరూరు అనే ఊళ్ళో యాలకుల దిగుబడి ఎందుకు పడిపోతోందో తెలుసుకోవడానికి ఒక గూఢచారి వస్తాడు. ఒక శాస్త్రవేత్త మరణం మీద అనుమానాలు, కులాల మధ్య, మతాల మధ్య రాజుకునే కోపాలు, విప్లవం గురించి మాట్లాడుకునే కుర్రవాళ్ళు, దొంగతనంగా సాగే కలప వ్యాపారం, అన్నీ ఒకదానిలో ఒకటి ముడిపడి చివరికి మంటల్లో ముగుస్తాయి. యాలకుల మొక్క ఎత్తైన సతతహరిత వృక్షాల నీడలో, తడి ఆరని నేలలో బతికేది. పైకప్పు పలచబడితే అది తట్టుకోలేదు. ఆకులను చారలు చారలుగా పాలిపోయేట్టు చేసే ‘కట్టె’ తెగులును పేనుబంక ఒక మొక్క నుంచి మరో మొక్కకు మోసుకుపోతుంది. ఇంత సాధారణ వ్యవసాయ సమస్యను పట్టుకుని ఒక సమాజమంతటినీ విప్పి చూపడం యాలకులు పండే నేల మీద బతికిన రచయితకే సాధ్యమయింది. అడవి నాశనాన్ని ఆయన విలాపంగా రాయలేదు, నేర పరిశోధనగా రాశారు. అందులో నేరస్థుడు ఒక్కడే కాకపోవడమే అసలు రహస్యం.

కళస దాటాక తోటలు తగ్గి, కుద్రేముఖ జాతీయ ఉద్యానవనం మొదలయింది. దాదాపు 600 చదరపు కిలోమీటర్ల ఈ అరణ్యాన్ని 1987లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. కొండల నెత్తి మీద గడ్డి, వాటి మడతల్లో మాత్రమే చిక్కటి అడవి: షోలా అడవి, గడ్డినేల కలిసిన ఈ అమరిక వాన నీటిని పట్టి ఉంచి, ఎండాకాలంలోనూ వాగుల్లోకి కొద్దికొద్దిగా వదులుతుంది. తుంగ, భద్ర, నేత్రావతి నదులు మూడూ ఈ శ్రేణిలోని గంగామూల ప్రాంతంలో పుడతాయి. అలాంటి చోట, భద్ర పుట్టిన కొద్ది దూరానికే, దశాబ్దాల పాటు ఇనుప ఖనిజం తవ్వారు. ఖనిజాన్ని పొడిచేసి నీటితో కలిపి గొట్టాల్లో మంగళూరు రేవుకు పంపేవారు. మిగిలిన బురదను నిలవ చేయడానికి లక్యా అనే వాగు మీద ఆనకట్ట కట్టారు. ప్రజల పోరాటం తరువాత 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఫలితంగా 2005 డిసెంబరు చివరికి తవ్వకం ఆగింది. గనుల కోసం కట్టిన కాలనీలో ఇప్పుడు చాలా ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి.

ఉద్యోగాలు పోయినవారి బాధను తక్కువ చేయలేను. తుంగభద్ర నీటితో పండిన అన్నం తిన్నవాణ్ణి గనుక ఆ తీర్పు పట్ల నాకున్న కృతజ్ఞతను దాచుకోనూ లేను. హొసపేట దగ్గరి తుంగభద్ర జలాశయం కట్టినప్పుడు దాదాపు 133 టీఎంసీల నీరు పట్టేది. పూడిక వల్ల ఇప్పుడది 105 టీఎంసీల దగ్గరికి తగ్గిపోయింది. ఆ పూడిక ఇక్కడి నుంచే పోయిందని అనడం సరికాదు, మధ్యలో లక్కవళ్ళి దగ్గర భద్ర ఆనకట్ట ఉంది, దిగువన వందల కిలోమీటర్ల పరీవాహక ప్రాంతమూ ఉంది. అయినా కొండను కదిలించే ప్రతి పని లెక్కా కిందివాళ్ళ చెరువులోనో కాలువలోనో తేలుతుందన్నది మాత్రం నిజం.

నాలుగో రోజు: శృంగేరి, ఆగుంబె

శృంగేరిలో తుంగ ఒడ్డున, మఠం మెట్ల దగ్గర, పెద్ద పెద్ద చేపలు గుంపులుగా తిరుగుతూ ఉంటాయి. భక్తులు మరమరాలు వేస్తారు. వాటిని ఎవరూ పట్టరు. గాలం వేయడం ఎంతో ఇష్టపడిన తేజస్వి నదిని చేపల వైపు నుంచి చదివిన మనిషి కనుక నాకు ఆ దృశ్యం ప్రత్యేకంగా తోచింది. భక్తి కాపాడిన నీరు ఈ కొన్ని గజాలే; మిగతా నదికి వేరే కాపలా కావాలి.

ఆగుంబెలో ఏడాదికి సగటున 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన కురుస్తుంది. కర్నూలుకు దక్కేది అందులో సుమారు పదో వంతు. నేను వెళ్ళిన రోజు ఆకాశం నిర్మలంగా ఉంది. రాచనాగుల అధ్యయనం కోసం పాముల నిపుణుడు రోములస్ విటేకర్ 2005లో ఇక్కడ వర్షారణ్య పరిశోధన కేంద్రాన్ని స్థాపించారు. చీకటిపడకముందే తీర్థహళ్ళి చేరుకున్నాను.

ఐదో రోజు: కుప్పళ్ళి

తీర్థహళ్ళికి దగ్గరలో, అడవి అంచున ఉన్న కుప్పళ్ళి కువెంపు పూర్వీకుల ఊరు. చెక్క స్తంభాలు, నడిమి ముంగిలి, పెంకుల కప్పుతో ఉన్న ఆ పెద్ద మేడ ఇప్పుడు స్మారక ప్రదర్శనశాల. కువెంపు 1904లో జన్మించి, మైసూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసి, జ్ఞానపీఠం అందుకున్న తొలి కన్నడ రచయిత. ఆయన రెండు మహానవలలు, 1936లో వచ్చిన ‘కానూరు హెగ్గడితి’, 1967లో వచ్చిన ‘మలెగళల్లి మదుమగళు’, ఈ కొండల జీవితాన్నే చిత్రించాయి.

ఇంటి వెనుక కొండ మీది కవిశైలకు నడిచాను. బండ మీద కువెంపు, ఆయన గురువులు చెక్కుకున్న అక్షరాలున్నాయి; ఆయన సమాధి ఉన్న ఆ చోట బృహత్ శిలాయుగాన్ని తలపించే భారీ రాతి స్తంభాలు నిలిపారు. ఎదురుగా పడమటి వైపు కొండల వరుసలు ఒకదాని వెనుక ఒకటి నీలంగా పలచబడుతూ పోతాయి. ఈ బండ మీద కూర్చున్నప్పుడు తండ్రీకొడుకుల మధ్య తేడా నాకు మరింత స్పష్టంగా కనిపించింది. కువెంపు జీవితంలో ఎక్కువ కాలం మైసూరులో ఉంటూ మలెనాడును జ్ఞాపకంలో నుంచి రాశారు. దూరమైనదాని మీద ఉండే ఆర్తి ఆ వర్ణనల్లో ఉంటుంది, సూర్యోదయం ఆయనకు ఆరాధన. కొడుకు మైసూరును వదిలి మలెనాడుకు తిరిగివచ్చారు. రోజూ ఎదురయ్యేదాన్ని ఆరాధించడం కన్నా, అది ఎలా పనిచేస్తుందని ప్రశ్నించడమే ఆయనకు సహజమయింది. అయినప్పటికీ రెండో నవల ఆరంభంలో కువెంపు ప్రకటించిన భావం, ఇక్కడ ముఖ్యులూ అముఖ్యులూ లేరు, ఏదీ అల్పం కాదన్న ఆ దృష్టి, మందన్నలోను, తేజస్వి పర్యావరణ కథల్లో తిరిగే కుక్కలోను, పీతలోను, పురుగులోను కొనసాగింది. తండ్రి దర్శనంగా చెప్పినదాన్ని కొడుకు ఆ తోటలో రోజువారీ జీవితంగా ఆచరించి చూపారు. కుప్పళ్ళిలోనే తేజస్వి స్మారకం కూడా ఉంది.

కవిశైల దిగుతున్నప్పుడు బడిపిల్లల బృందం ఒకటి ఎదురైంది. ఉపాధ్యాయురాలు వాళ్ళను కూర్చోబెట్టి, చుట్టూ వినిపించే పక్షుల పేర్లు చెప్పమన్నారు. ఒక అబ్బాయి వరుసగా పేర్లు చెప్పుకుపోతుంటే మిగతావాళ్ళు అతణ్ణి సరిదిద్దడం మొదలుపెట్టారు. కన్నడ నాడులో పక్షులను చూడడానికి బయలుదేరిన ఒక తరం యువత తేజస్వి పుస్తకాలు చదివే ఆ దారి పట్టిందని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ పిల్లల వాదన విన్నాక ఆ మాట నాకు అతిశయోక్తిగా అనిపించలేదు.

ఆరో రోజు: కూడ్లి

శివమొగ్గకు కొద్ది దూరంలో కూడ్లి దగ్గర తుంగ, భద్ర కలిసి తుంగభద్ర అవుతాయి. ప్రాచీన ఆలయం, మెట్ల రేవు, నెమ్మదిగా పారే నీరు. రేవులో బట్టలు ఉతుకుతున్న పెద్దావిడ నేనెక్కడి నుంచి వచ్చానని అడిగారు. కర్నూలు అని చెబితే, ఈ నీళ్ళు అక్కడికీ వస్తాయా అన్నారు. హంపి మీదుగా, మంత్రాలయం మీదుగా వచ్చి, కర్నూలు దాటాక కృష్ణలో కలుస్తాయని చెప్పాను. అయితే మీ ఊళ్ళో వరి పండుతుందా అన్నది ఆవిడ రెండో ప్రశ్న. సుంకేసుల నుంచి కె.సి. (కర్నూలు–కడప) కాలువ పారే చోట పండుతుందని, కాలువ చివర ఉన్నవారికి నీరు అందని ఏళ్ళు ఉంటాయని జవాబిచ్చాను.

యాలకుల దిగుబడి ఎందుకు తగ్గిందన్న ప్రశ్న వెంట వెళ్ళి తేజస్వి ఒక నవల కట్టారు. కె.సి. కాలువ చివరి పొలానికి నీరు ఎందుకు రాలేదన్న ప్రశ్నను పట్టుకుని బయలుదేరిన మనిషి సుంకేసుల, రాజోలిబండ, హొసపేట, కూడ్లి దాటి భద్ర వెంట కుద్రేముఖ గడ్డి కొండల దాకా నడవవలసి వస్తుంది; దారిలో అతడికి ఇంజనీర్లు, గనుల కూలీలు, కాఫీ రైతులు, జాలర్లు, రెండు భాషలూ కలిపి మాట్లాడే సరిహద్దు పల్లెలు ఎదురవుతాయి. ఆ నడకను ఎరిగిన నవల తెలుగులో రావాలని నా కోరిక. దాన్ని రాయబోయేవారు ఎవరైనా సరే, ముందు మూడిగెరె వీధిలోని ఆ తేనె అంగడి దగ్గర కాసేపు ఆగి రావాలని కూడా అడుగుతున్నాను.